ఆమె ఏం చదివిందని ఎందుకడగరు?

ఆమధ్య ఒక కథల సంపుటి ఆవిష్కరణ సభకి వెళ్ళాను. రచయిత్రికి పాతికేళ్ళు దాటి ఉండవు. మొదటి పుస్తకం. అధ్యక్షత వహించినాయన పేరున్న విమర్శకుడు. పుస్తకాన్ని మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూ ఒక మాటన్నారు: "ఈ అమ్మాయి ఎవర్నో చదివి రాయలేదు. బతుకుని చూసి రాసింది. అందుకే కథలు ఇంత సహజంగా వచ్చాయి." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తర్వాత ఆ అమ్మాయి మైకు ముందుకొచ్చి, "నేను పెద్దగా ఏమీ చదవలేదండీ, ఏదో మనసుకి తోచింది రాశాను" అంది. మళ్ళీ చప్పట్లు.

టీ తాగేటప్పుడు ఆమె పక్కన కూచున్నాను. పెన్ను కోసం సంచీ తెరిస్తే అందులోంచి పి. సత్యవతి కథల పుస్తకం ఒకటి బయటికి జారింది. అట్ట ఊడిపోతే సెల్లోటేపు వేసి అతికించుకుంది. మార్జిన్ల నిండా పెన్సిలు గీతలు, ప్రశ్నార్థకాలు. "మరి స్టేజి మీద అలా చెప్పావేమ్మా?" అని అడిగాను. నవ్వేసి, "చదివానని చెప్తే కాపీ కొట్టిందంటారు కదా మేడమ్" అంది.

ఆ నవ్వు నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే నా మొదటి కథ అచ్చయినప్పుడు ఎవరో అడిగితే నేనూ అచ్చంగా ఆ మాటే చెప్పాను. అప్పటికే నేను సాహిత్యంలో ఎమ్.ఎ. చేసి ఉన్నాను!

* * *

మన సాహిత్య విమర్శలో ఎవరూ రాసి పెట్టని నియమం ఒకటుంది. మగ రచయిత గురించి రాసేటప్పుడు అతనేం చదివాడో చెప్పాలి. శ్రీశ్రీ గురించి వ్యాసం రాస్తే పో, బోదలేర్ రాకుండా పూర్తికాదు. బుచ్చిబాబు అంటే ఆంగ్ల సాహిత్యం, త్రిపుర అంటే కాఫ్కా. కుటుంబరావు ఎన్ని రకాల పుస్తకాలు చదివాడో చెప్పి మురిసిపోతాం. అక్కడ చదవడం అంటే మేధస్సు. దానికి "ప్రభావం" అని గౌరవంగా పేరు పెడతాం.

అదే రచయిత్రి దగ్గరికొచ్చేసరికి ప్రశ్నలు మారిపోతాయి. ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పెళ్ళయింది, భర్త ప్రోత్సాహం ఉందా, పిల్లలెందరు, ఈ కథలో జరిగింది ఆమెకే జరిగిందా. ఆమె గురించిన వ్యాసంలో ప్రభావాలుండవు, అనుభవాలుంటాయి. మగవాడు ఇంకో పుస్తకానికి జవాబుగా పుస్తకం రాస్తాడు. ఆడది కన్నీళ్ళు ఇంకిపోక రాస్తుంది. ఈ తేడా పొగడ్త రూపంలో వస్తుంది కాబట్టి దాన్ని పట్టుకుని నిలదియ్యడం కష్టం. "సహజంగా ఉంది" అంటే కోప్పడేదెవరు?

నేను కోప్పడదలచుకున్నాను. సహజం అన్నమాటలో ఉన్న అర్థం ఏమిటి? చెట్టు కాయలు కాసినట్టు ఆమె కథలు రాసిందని. చెట్టుకి ఆలోచన ఉండదు, పనితనం ఉండదు. కాయ బాగుంటే మెచ్చుకోవచ్చు గానీ చెట్టుతో వాదించనక్కర్లేదు. ఒక మనిషి ఏళ్ళతరబడి చదివి, పోల్చి, ఇష్టపడి, విసుక్కుని, కొట్టివేసి, తిరగరాసి నేర్చుకున్న విద్యని రుతుధర్మంలాంటి దాన్ని చేసి కూచోబెట్టడం అది.

* * *

నాకు చదవడం నేర్పింది మా అమ్మ. ఈ వాక్యం రాయడానికి నాకు పదేళ్ళు పట్టింది.

మాది తెనాలి. ఎనభైల్లో అమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఇంట్లోకి రెండు వారపత్రికలు వచ్చేవట. మగవాళ్ళు చదివి పడేశాక ఆమె చేతికి. సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా కత్తిరించి దాచిపెట్టుకునేది. నవల పూర్తయ్యాక గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టి, పాత కాలెండరు అట్ట వేసేది. అలాంటివి ట్రంకుపెట్టె నిండా ఉండేవి. నా చిన్నప్పుడు బజార్లో అద్దెపుస్తకాల షాపుకి నన్ను పంపేది. రోజుకింతని అద్దె. అందుకని ఒక్క రాత్రిలో నవల అవగొట్టి, పొద్దున్నే వాపసు ఇప్పించేది. "పుస్తకం పట్టుకుంటే పొయ్యిమీద పాలు పొంగిపోయినా దీనికి పట్టదు" అని నాయనమ్మ సణిగేది. నిజానికి పాలు పొంగగా నేనెన్నడూ చూడలేదు. అమ్మ ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో పేజీ తిప్పేది.

ఆ చదువుకి మనం పెట్టిన పేరు కాలక్షేపం. కాలం ఎక్కువై క్షేపించేవాళ్ళు చేసేది కాలక్షేపం. అమ్మకి రోజులో తన కోసమని దొరికే కాలం ఒక అరగంట ఉండేదేమో. దాన్ని ఆమె దొంగిలించుకునేది.

పైగా అమ్మ ఊరికే చదివేది కాదు. మధ్యాహ్నాలు పక్కింటి పిన్నిగారితో అరుగుమీద కూచుని నవలల్ని కడిగి ఆరేసేది. "హీరోని కారు దింపడానికి నాలుగు వారాలు పట్టింది ఈవిడకి" అనేది. "ఆ పిల్ల చివర్లో అతన్నే చేసుకుంటుంది చూడు, రచయిత్రికి ధైర్యం చాల్లేదు, మొదటినుంచీ తెలుస్తూనే ఉంది" అనేది. కథనవేగం, పాత్రపోషణ, ముగింపులో రాజీ... ఈ మాటలేవీ ఆమెకి రావు. విషయం మాత్రం వచ్చు. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి... వీళ్ళ వాక్యాల మధ్య తేడా పేరు చూడకుండా చెప్పగలిగేది.

ఆ పాఠకురాళ్ళని సాహిత్య చరిత్ర ఎలా చూసింది? ఒక పక్క వాళ్ళ కోసం పత్రికలు పోటీలుపడ్డాయి. రచయిత్రుల పేర్లకి గిరాకీ పెరిగి మగవాళ్ళు ఆడపేర్లతో రాసిన కాలం అది. "ఇల్లాలి ముచ్చట్లు" శీర్షిక రాసిన పురాణం సీత, పురాణం సుబ్రహ్మణ్యశర్మగారే కదా. ఇంకో పక్క అవే సంవత్సరాల గురించి రాసేటప్పుడు, సాహిత్యం ఆడవాళ్ళ చేతుల్లో పడి చెడిపోయిందన్న నిట్టూర్పు. డబ్బులొచ్చేటప్పుడు ఆమె పాఠకురాలు, చరిత్ర రాసేటప్పుడు ఆమె బలహీనత!

ఆ నవలలన్నీ గొప్పవని నేననను. ఎత్తుగా, అందంగా, కోపంగా ఉండే ధనవంతుడైన హీరో మన ఊహల మీద చేసిన పెత్తనం తక్కువది కాదు. దాని గురించి స్త్రీవాద విమర్శ చెప్పాల్సింది చెప్పింది. కానీ చెడ్డ నవల చదివినంత మాత్రాన చదవడం చెడ్డది కాదు. ఆ పుస్తకాలతో పోట్లాడడం కూడా ఆ పుస్తకాలు చదివే నేర్చుకున్నారు ఆడవాళ్ళు.

* * *

సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ ఈ పత్రిక పాఠకులకి నేను పరిచయం చెయ్యక్కర్లేదు. ఇల్లు అలుక్కుంటూ ఒక గృహిణి తన పేరు మరిచిపోతుంది. పనిమనిషిని, పిల్లల్ని, భర్తని అడుగుతుంది. ఎవరికీ తెలీదు. పుట్టింటికి వెళ్ళి సర్టిఫికెట్లు వెతుక్కుంటుంది. చివరికి పేరు పెట్టి పిలిచేది చిన్ననాటి స్నేహితురాలు.

నా పిహెచ్.డి. సిద్ధాంతవ్యాసంలో ఈ కథ మీద చాలా పేజీలు రాశాను. అస్తిత్వ సంక్షోభం, ఇంటిచాకిరీ, పితృస్వామ్యంలో స్త్రీ పేరు కోల్పోవడం, ఇవన్నీ ఉన్నాయి. పాశ్చాత్య సిద్ధాంతకర్తల పేర్లూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఇంటికెళ్ళినప్పుడు అమ్మకి ఆ కథ ఇచ్చాను. మంచంమీద పడుకుని సగం దాకా చదివి తలెత్తి, "ఇది మన ఈగ కథేనే!" అంది. "ఈగకైతే గుర్రప్పిల్ల చెప్పింది. ఈవిడకి ఎవరు చెప్తారో చూడాలి."

నాకు నోట మాట రాలేదు. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయి, కనబడ్డ ప్రతివాళ్ళనీ నా పేరేమిటని అడుగుతూ పోయే ఈగ కథ నాకు తెలీక కాదు. తెలుగు పిల్లలెవరికి తెలీదు? అమ్మే నాకు చెప్పింది కూడా. కానీ నేను ఆ కథలో "స్త్రీ అనుభవం" కోసం వెతుకుతున్నాను. కాబట్టి అనుభవమే కనబడింది. అమ్మ కథని కథలాగా చదివింది. కాబట్టి దాని వెనకున్న కథ కనబడింది.

ఆ మాట విన్నాక మళ్ళీ చదివితే అది వేరే కథ అయింది. ఒకే ప్రశ్న మనిషి మనిషికీ చేరవెయ్యడం, అడిగిన ప్రతిసారీ కాస్త నవ్వు రావడం, ఆ నవ్వు పోనుపోను భయంగా మారడం, ఇదంతా పిల్లల కథ గొలుసులోంచి వచ్చింది. ఈగ అడిగినవాళ్ళకి నిజంగానే దాని పేరు తెలీదు. ఈమె అడిగినవాళ్ళకి ఆ పేరు తెలుసుకోవాల్సిన అవసరమే రాలేదు. ఒక పాత కథని తీసుకుని ఈ ఒక్క తేడా చెయ్యడంలో ఉంది ఆ రచయిత్రి ఆలోచన అంతా. శీర్షిక సామెతలోంచి, నడక పిల్లల కథలోంచి, కోపం తన కాలంలోంచి తీసుకుని కట్టిన కథ అది. ఇంటిపని చేసి అలిసిపోయిన ఆడవాళ్ళు లక్షలమంది ఉన్నారు. అలిసిపోయినంత మాత్రాన ఆ కథ రాదు. ఇంగ్లీషు పాఠాలు చెప్పి, జీవితమంతా చదివి, రేవతి ఆత్మకథని "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేసి కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్న మనిషి రాసిన కథ అది. అనువాదం కంటే దగ్గరగా చదవడం ఇంకేముంటుంది?

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. అమ్మ చెప్పిన ఈగ సంగతి నా సిద్ధాంతవ్యాసంలో చేర్చుకున్నాను. పరీక్షకులు దాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా. ఎవరు చెప్పారో రాయలేదు. వారపత్రికలు చదివే అమ్మని అధోజ్ఞాపికలో ఎలా చూపించాలో నాకు తెలీలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. కృతజ్ఞతల పేజీలో మాత్రం రాశాను: "వేళకి అన్నం పెట్టి నన్ను ప్రోత్సహించిన అమ్మకి."

అధ్యక్షులవారిని నేనేం తిట్టగలను?

* * *

స్త్రీలు చదవడం మొదలుపెట్టిన ప్రతిసారీ మన సాహిత్య చరిత్రలో ఏదో ఒకటి కదిలింది. భండారు అచ్చమాంబని (1874–1905) చూడండి. బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడే పెళ్ళయింది. ఇంట్లో చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూచుని చదువు నేర్చుకుంది. తెలుగుతో ఆగక హిందీ, మరాఠీ, బెంగాలీల దాకా వెళ్ళింది. వాటిలో దొరికిన స్త్రీల చరిత్రలన్నీ పోగుచేసి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసింది. స్త్రీలు తెలివితక్కువవాళ్ళన్న మాటకి జవాబు చెప్పాలంటే కన్నీళ్ళు చాలవు, రుజువులు కావాలని ఆమెకి తెలుసు. 1902లో ఆమె రాసిన "ధనత్రయోదశి" తొలి తెలుగు కథ అవునా కాదా అని ఇప్పటికీ తేదీలు లెక్కపెడుతున్నాం. అన్ని భాషలు చదివిన మనిషి కథానిర్మాణం ఎక్కడ నేర్చుకుని ఉంటుందన్న ప్రశ్న మాత్రం ఆ వాదంలో వినబడదు.

బెంగుళూరు నాగరత్నమ్మ సంగతి ఇంకా గొప్పది. ముద్దుపళని "రాధికా సాంత్వనము" గురించి చదివి, పుస్తకం సంపాదించి, అంతటితో ఊరుకోలేదు. అచ్చులో ఉన్న ప్రతిని రాతప్రతితో పోల్చి చూసి, పీఠికా కొన్ని పద్యాలూ ఎగరగొట్టారని పట్టుకుంది. 1910లో వావిళ్ళవారి ద్వారా పూర్తి పాఠం వేయించింది. ఆడవాళ్ళు వినకూడని కావ్యమని తేల్చేసిన వీరేశలింగంగారిని, మగకవుల శృంగారానికి ఆ నీతి వర్తించదా అని నిలదీసింది. 1911లో ప్రభుత్వం ఆ పుస్తకాల్ని పట్టుకుపోయింది. 1947లో గానీ నిషేధం తొలగలేదు. ఆమె చేసిన నేరమల్లా జాగ్రత్తగా చదవడమే. ఏది రాసి ఉందో చదవడం అందరూ చేస్తారు. ఏది తీసేశారో చదవడం ఆమె చేసింది.

రంగనాయకమ్మ స్కూలు చదువు దాటి వెళ్ళలేదు. రామాయణాన్ని పంక్తి పంక్తి చదివి "రామాయణ విషవృక్షం" మూడు భాగాలు రాసింది, తర్వాత మార్క్స్ "కాపిటల్"ని తెలుగువాళ్ళ చేతిలో పెట్టింది. ఆమెతో ఎంత విభేదించేవాళ్ళయినా ఆమె చదవకుండా రాసిందని అనలేరు. ఓల్గా "విముక్త" సీతని శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళల దగ్గరికి పంపిస్తుంది. అదీ చదవడమే. పాత పుస్తకంలో ఒకరికొకరు ఎదురుపడకుండా ఉంచిన ఆడవాళ్ళని ఎదురుపడేట్టు చెయ్యాలంటే, ఆ పుస్తకం ఎక్కడ మౌనంగా ఉందో తెలిసి ఉండాలి.

* * *

ఇక మన వైపు చూసుకుందాం. అనుభవం అన్న జెండా ఎగరేసింది మనమే. అప్పుడు అది అవసరం. మా శరీరం గురించి, మా వంటింటి గురించి మేమే మాట్లాడతాం, మీ కావ్యలక్షణాలు మాకొద్దు అని చెప్పవలసిన రోజులవి. ఆ మాట చెప్పినవాళ్ళు వేల పుస్తకాలు చదివినవాళ్ళు. తర్వాతివాళ్ళకి జెండా మిగిలింది, పుస్తకాలు మిగల్లేదు. "ఎవర్నీ చదవకు, నీ గొంతు పాడవుతుంది" అని కొత్తగా రాసే అమ్మాయిలకి సలహా ఇచ్చే పెద్దలు ఇప్పుడు మనలోనూ ఉన్నారు. చదివితే పాడయ్యేంత పల్చటి గొంతా మనది? చదవకుండా రాసిన అమ్మాయి తనకి తెలీకుండానే పాత సినిమాల వాక్యాలు, టీవీ సీరియళ్ళ కన్నీళ్ళు రాస్తుంది. ఎవరి ప్రభావమూ లేని చోటు ఉండదు. ఎంచుకున్న ప్రభావం ఉంటుంది, ఎంచుకోనిది ఉంటుంది.

నా మాటకి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దళిత మిత్రురాలొకామె ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి అడిగింది: "మీ అమ్మకి ట్రంకుపెట్టె ఉంది. మా అమ్మకి అక్షరమే లేదు. చదివినవాళ్ళే ఆలోచిస్తారంటావా?" అననే అనను. ఈగ కథ పుస్తకంలోంచి రాలేదు. పాట వినడం, కథ వినడం, విన్నదాన్ని మార్చి చెప్పడం కూడా ఈ విద్యలోవే. నాట్లలో పాట కట్టే మనిషి తన ముందువాళ్ళ పాటలు వెయ్యి విని ఉంటుంది. "సహజం" అన్న మాట అందరికంటే ఎక్కువగా గాయపరిచేది ఆమెనే. దళిత రచయిత్రి పుస్తకాన్ని "మట్టివాసన", "ముడిజీవితం" అని మెచ్చుకుని పక్కన పెడతారు. మట్టిని మలిచిన చేతి గురించి ఒక్క ముక్క రాయరు. గోగు శ్యామల "నల్లపొద్దు"లో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలు పోగుచేసి పెట్టారు. ముందు తరాలని వెతికి చదవకుండా అలాంటి పుస్తకం వస్తుందా? మాకూ ఒక చదువుల పరంపర ఉందని చాటిన పుస్తకం అది.

అక్షరాన్ని కొందరికి దక్కనివ్వలేదు కాబట్టి చదవడాన్ని తక్కువ చెయ్యడం పరిష్కారం కాదు. ఆ తలుపు ఎవరు మూశారో అడగాలి. వర్జీనియా వూల్ఫ్ 1929లో రాసిన పుస్తకంలోంచి మనమంతా సొంత గదిని గుర్తుపెట్టుకున్నాం. ఆ పుస్తకం మొదట్లోనే తోడు మగవాడూ పరిచయపత్రమూ లేవని ఆమెని గుమ్మంలోంచే తిప్పి పంపిన లైబ్రరీని మరిచిపోయాం. మన దగ్గర తలుపులు తెరిచే ఉంటాయి. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీల పేరుతో వసూలవుతాయి. అయినా నేను తిరిగిన శాఖా గ్రంథాలయాల్లో దినపత్రికల చుట్టూ మగవాళ్ళు, పోటీపరీక్షల బల్లల దగ్గర నిరుద్యోగులు తప్ప, మధ్యాహ్నం పూట ఒక నవల తీసుకుని కూచున్న గృహిణి నాకు కనబడలేదు. అద్దెపుస్తకాల షాపులు పోయాయి. వారపత్రికలు ఒక్కొక్కటీ మూతపడ్డాయి. మా అమ్మలాంటి పాఠకురాలికి ఇప్పుడు పుస్తకం ఎక్కడ దొరుకుతుందన్నది మన ఉద్యమాల ఎజెండాలో ఎందుకు లేదు?

అబ్బూరి ఛాయాదేవి వృత్తిరీత్యా లైబ్రేరియన్. ఢిల్లీలో జెఎన్‌యూ గ్రంథాలయంలో పనిచేశారు. "బోన్‌సాయ్ బ్రతుకు" గురించి ఎన్నో చోట్ల చదివాను. ఆడపిల్లల పెంపకాన్ని కుండీలో కురచగా పెంచిన చెట్టుతో పోల్చిన ఆ కథలో ఎంత పొదుపుందో, అనవసరమైన మాట ఒక్కటి కూడా ఎలా లేదో మనందరం అంటాం. పుస్తకాల మధ్య అన్నేళ్ళు గడిపిన మనిషికి ఆ పొదుపు ఎలా అబ్బిందని అడిగిన వ్యాసం నాకు ఇంతవరకూ దొరకలేదు. ఆమె 2019లో వెళ్ళిపోయారు. అడగవలసిన వాళ్ళని అడగకుండానే పోగొట్టుకుంటున్నాం.

అందుకే ఈ పత్రికకే ఒక ప్రతిపాదన. రచయిత్రుల ఇంటర్వ్యూల్లో "మీ భర్త ప్రోత్సాహం" అన్న ప్రశ్న తీసేద్దాం. ఆ చోట "మీరేం చదివారు, దేనితో పోట్లాడారు, దేన్ని దొంగిలించారు" అని అడుగుదాం. సమీక్షలు రాసేవాళ్ళం "సహజంగా ఉంది" అన్న మాట కొన్నాళ్ళు మానేద్దాం. సభల్లో మన సంచీలో ఉన్న పుస్తకం బయటికి తీసి బల్లమీద పెడదాం. కాపీ కొట్టిందంటే అననివ్వండి. మగవాళ్ళయితే దాన్నే సంప్రదాయం అంటారు.

నా సిద్ధాంతవ్యాసం త్వరలో పుస్తకంగా రాబోతోంది. ఈగ కథ దగ్గర ఒక అధోజ్ఞాపిక చేర్చాను. పాఠకురాలు ఫలానా అని అమ్మ పూర్తిపేరు రాశాను. ప్రూఫులు చూపిస్తే ఆమె కళ్ళజోడు సర్దుకుని ఆ పేజీ రెండుసార్లు చదివింది. "బాగుంది గానీ, వాక్యం మరీ పొడుగైందే. రెండు చెయ్యి" అంది.

చేశాను.